మౌంటెన్ బైక్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు: గొట్టం జాయింట్లు, లీకులు, మరమ్మతు

మౌంటెన్ బైక్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులో హ్యాండిల్ మీది లివర్‌ను, చక్రం దగ్గరి కాలిపర్‌ను కలిపేది సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నని గొట్టం. ఆ గొట్టానికి రెండు కొసలా ఉండే జాయింట్లు ఈ వ్యాసం విషయం. బ్రేకులో దాదాపు అన్ని భాగాలూ ఫ్యాక్టరీలోనే బిగించి వస్తాయి. లివర్ వైపు జాయింటును మాత్రం చాలాసార్లు దుకాణంలో మెకానిక్కో, ఇంట్లో యజమానో కడతారు. అందుకే బ్రేకు మెత్తబడింది, నూనె కారుతోంది అనగానే అనుభవం ఉన్నవాళ్లు ముందు అక్కడే చూస్తారు. అక్కడ దొరికే లోపాల్లో చాలావరకు బోల్టు బిగించడానికి ముందే, గొట్టం కోసేటప్పుడే మొదలై ఉంటాయి. ఇంకాస్త బిగిస్తే ఆగుతుందిలే అన్న ఆలోచన ఈ జాయింటుకు తరచు చేటు చేస్తుంది.

పుట్టుపూర్వాలు

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో బ్లెయిజ్ పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. 1795లో జోసెఫ్ బ్రామా ఆ సూత్రంతో ఇంగ్లండులో హైడ్రాలిక్ ప్రెస్సు తయారు చేశాడు. దాన్ని బ్రేకులకు వాడినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. విమానాల కంపెనీ లాక్‌హీడ్‌కు కూడా అతని ఇంటిపేరే వచ్చింది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో బజారుకొచ్చింది. ఆ తొలినాళ్లలో బ్రేకుకు పెద్ద తలనొప్పి లీకులే. తోలు కప్పుల స్థానంలో రబ్బరు కప్పులు వచ్చాకనే అవి అదుపులోకి వచ్చాయి.

సైకిల్‌కు ఈ పద్ధతి చాలా ఆలస్యంగా అందింది. జర్మనీ కంపెనీ మగురా 1987లో రిమ్మును పట్టే హైడ్రాలిక్ బ్రేకు తెచ్చింది. 1990ల చివర్లో మగురా, హేస్ వంటి కంపెనీల డిస్కు బ్రేకులు మౌంటెన్ బైకులకు ఎక్కాయి. ఆ వెంటే జపాన్‌కు చెందిన షిమానో కూడా దిగింది. ఇప్పుడు మన ఊళ్లలో దొరికే మధ్యస్థాయి సైకిళ్లకు కూడా ఇవే వస్తున్నాయి.

జాయింటు మీద పడే బలం

వేళ్లతో నొక్కే బ్రేకే కదా, పీడనం ఎంతని అనిపిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. లివర్ చివర రెండు వేళ్లతో 8 కిలోల బలం వేశామనుకుందాం. లివర్ దాన్ని ఐదింతలు చేస్తే 40 కిలోలు. అది 10 మి.మీ. వ్యాసం ఉన్న పిస్టన్ మీద పడితే నూనెలో పీడనం చదరపు సెంటీమీటరుకు 51 కిలోలవుతుంది. అదే సైకిల్ టైరులో ఉండే గాలి పీడనం రెండు కిలోలకు అటూఇటూ. అంటే మామూలుగా బ్రేకు నొక్కినప్పుడు కూడా గొట్టంలో టైరు కన్నా పాతికరెట్ల పీడనం ఉంటుంది. కింద కాలిపర్‌లో పిస్టన్ వ్యాసం 22 మి.మీ. అయితే ప్యాడును డిస్కుకేసి అదిమే బలం 190 కిలోలు దాటుతుంది.

ఆ పీడనమే గొట్టం కొసను కూడా నెడుతుంది. 5 మి.మీ. గొట్టం లెక్కన జాయింటులోంచి దాన్ని బయటికి తోసే బలం సుమారు 10 కిలోలు. బ్రేకు పట్టిన ప్రతిసారీ ఒక చిన్న బియ్యం బస్తా గొట్టానికి వేలాడుతున్నట్టే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది వందలసార్లు జరుగుతుంది. సరిగా కూర్చున్న జాయింటు దాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది. సరిగా కూర్చోనిది కొన్నాళ్లు చెమరుస్తూ, ఒకరోజు గొట్టాన్ని వదిలేయవచ్చు. అప్పుడు ఆ బ్రేకు ఒక్కసారిగా పూర్తిగా పోతుంది.

లోపల ఏముంది

లివర్ వైపు జాయింటును విప్పి అరచేతిలో పెట్టుకుంటే మూడు ముక్కలు కనిపిస్తాయి. ఒకటి 8 మి.మీ. పానా పట్టే బోల్టు. నడుమ బోలుగా ఉంటుంది, గొట్టం అందులోంచి దూరి వస్తుంది. రెండోది ఆలివ్ అనే ఇత్తడి ఉంగరం. ఆలివ్ కాయను బట్టి ఆ పేరు పెట్టారు గానీ మనకు మద్దెల పోలిక దగ్గర. నడుమ లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. మూడోది ఇన్సర్టు. గొట్టం కోసిన కొసలోకి దిగగొట్టే చిన్న లోహపు గొట్టమిది. దీని తలకు పల్చటి అంచు ఉంటుంది. ఆ అంచు గొట్టం కొసకు ఆనుకున్నాక ఇన్సర్టు ఆగిపోతుంది.

బోల్టు బిగుస్తున్నకొద్దీ దాని ముక్కుకూ లివర్ లోపలి వాలుగోడకూ మధ్య ఆలివ్ నలుగుతుంది. లోపలివైపు గొట్టాన్ని పిండి పట్టుకుంటుంది, బయటివైపు వాలుగోడకు అదుముకుంటుంది. నూనెను ఆపేవి ఈ రెండు పట్టులే. గొట్టం మెత్తనిది కాబట్టి అంత పిండుడుకు లోపలికి నొక్కుకుపోవాలి. అలా పోకుండా లోపలి నుంచి ఇన్సర్టు కాస్తుంది. బోల్టు మరలు ఆలివ్‌ను నొక్కే పని మాత్రమే చేస్తాయి. కుళాయికి చుట్టే తెల్ల టేపు ఈ మరలకు చుట్టినా ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే. పైగా టేపు పీచు నూనెలో పడితే సన్నని దారులకు అడ్డం పడుతుంది. అయినా ఆ తెల్ల టేపు కనిపించే బ్రేకులు మరమ్మతుకు వస్తూనే ఉంటాయి.

కాలిపర్ వైపు చాలా బ్రేకుల్లో బాంజో ఉంటుంది. గుండ్రటి తల, దాన్లోంచి దూరే బోలు బోల్టు, తలకు అటూఇటూ చెరొక ఓ-రింగు. గొట్టాన్ని ఈ తలకు ఫ్యాక్టరీలోనే నొక్కి బిగిస్తారు కాబట్టి విడదీయడానికి కుదరదు. ఇక్కడ లీకు వచ్చిందంటే సాధారణంగా ఓ-రింగు నలిగిందనో, తెగిందనో, దాని కింద ఇసుకరేణువు చిక్కిందనో అర్థం. బోల్టు విప్పినప్పుడు పాత ఓ-రింగు కాలిపర్‌కే అంటుకుని ఉండిపోవడం, దాని మీదే కొత్తది పెట్టేయడం కూడా జరుగుతుంది. చిన్న టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

గొట్టం కూడా ఒకే పొర కాదు. లోపల ప్లాస్టిక్ గొట్టం, దాని మీద బలానికి అల్లిన పీచు, పైన గట్టి తొడుగు. అల్లిక పీచు ఉబ్బకుండా కాపాడుతుంది. ఆలివ్ పట్టేది మాత్రం పై తొడుగునే. ఆ తొడుగు మీద నిలువుగా గీత పడితే, అది ఆలివ్ కింద నుంచి నూనె పోయే కాలువ అవుతుంది.

మోటార్‌సైకిల్ అలవాట్లు

మన దగ్గర సైకిల్ డిస్కు బ్రేకును చాలామంది మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గరికే తీసుకెళ్తారు. పాస్కల్ సూత్రం రెండింటికీ ఒకటే గానీ జాయింట్లు వేరు. మోటార్‌సైకిల్ గొట్టానికి రెండు కొసలా ఫ్యాక్టరీలో నొక్కిన బాంజో తలలు, వాటికి రాగి వాషర్లు ఉంటాయి. కొలతకు తగ్గట్టు గొట్టం కోసి ఆలివ్ వేసే పని ఆ మెకానిక్‌కు జీవితంలో ఎన్నడూ పడి ఉండకపోవచ్చు. చెమరుస్తున్న రాగి వాషర్‌ను ఇంకాస్త బిగిస్తే తరచు ఆగుతుంది. ఆ చేతివాటమే ఆలివ్ మీద చూపిస్తే ఇత్తడి అతిగా నలిగి, గొట్టం తొడుగును కోసేస్తుంది. లేదా లివర్ బాడీలోని మెత్తని అల్యూమినియం మరలు లేచిపోతాయి. అదే జరిగితే లివరే మార్చాలి.

రెండో ప్రమాదం నూనెది. మోటార్‌సైకిల్ షాపులో ఉండేది డాట్ 3, డాట్ 4 బ్రేకు ఆయిల్. షిమానో, మగురా, టెక్ట్రో బ్రేకులకు మినరల్ ఆయిల్ పోయాలి. హోప్, హేస్ బ్రేకులు, శ్రామ్ బ్రేకుల్లో ఎక్కువ భాగం డాట్ ఆయిల్‌వి. శ్రామ్ ఈమధ్య కొన్ని మోడళ్లను మినరల్ ఆయిల్‌కు మార్చింది కాబట్టి కంపెనీ పేరును బట్టి నిర్ణయించకుండా లివర్ మీద రాసి ఉన్నది చదవాలి. ఒకదానిలో మరొకటి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. లీకు జాయింటులో మొదలై ఉండవచ్చు, ఆ తర్వాత పిస్టన్ సీళ్లదాకా పాకుతుంది. డాట్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది కూడా. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో మూత తీసిన డబ్బాను ఏడాదిపాటు అటక మీద ఉంచి వాడకూడదు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చాక ఆ హద్దు 155కు దిగుతుంది.

కుడిచేతి బ్రేకు సంగతి కూడా ఈ అలవాట్లలోదే. మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు ముందు బ్రేకు కుడిచేతికి ఉండాలి. అమెరికా పద్ధతిలో కట్టిన సైకిల్‌కు అది ఎడమ చేతికి వస్తుంది. మార్చాలంటే రెండు లివర్ల దగ్గరా గొట్టాలు విప్పి, అటుది ఇటు ఇటుది అటు వేయాలి. కొత్త సైకిల్‌కు మొదటి నెలలోనే వచ్చే లీకుల వెనుక ఇలాంటి మార్పిడి ఉందేమో అడిగి చూడటం మంచిది. విప్పిన పాత ఆలివ్‌నే మళ్లీ బిగించి ఉంటారు.

లీకు ఎక్కడిదో తేల్చడం

నూనె కనిపించిన చోటే లీకు ఉండాలని లేదు. లివర్ దగ్గర చెమర్చిన నూనె గొట్టం వెంబడి జారి ఒక మూర కింద బొట్టుగా నిలుస్తుంది. కాలిపర్ మీది తడి బాంజోదే కావచ్చు, గాలి తీసే నిపుల్‌ది కావచ్చు, పిస్టన్ సీలుది కావచ్చు. లివర్ దగ్గరైతే జాయింటుతోపాటు పైనున్న గాలి తీసే స్క్రూ, లోపలి పిస్టన్ సీలు కూడా అనుమానితులే. పిస్టన్ సీలు పోతే నూనె లివర్ తిరిగే కీలు దగ్గర బయటపడుతుంది. ఇంకో మాయ కూడా ఉంది. బ్రేకులో గాలి తీసేటప్పుడు ఒలికిన నూనె జాయింటును కప్పే రబ్బరు తొడుగు కింద దాక్కుని, రెండు మూడు రోజుల తర్వాత మెల్లగా దిగుతుంది. చూసేవాళ్లకు అచ్చం లీకులాగే ఉంటుంది.

కాబట్టి మొదట శుభ్రం చేయాలి. రబ్బరు తొడుగును గొట్టం మీదుగా వెనక్కి జరిపి, జాయింటునంతా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వాలి. తర్వాత జాయింటు చుట్టూ తెల్ల టిష్యూ కాగితం ఒక చుట్టు చుట్టాలి. బాంజోకు, నిపుల్‌కు కూడా అలాగే విడివిడిగా చుట్టాలి. లివర్‌ను గట్టిగా నొక్కి అరనిమిషం పట్టుకుని వదలాలి, అలా పదిసార్లు. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడే లీకు. షిమానో మినరల్ ఆయిల్ గులాబీ ఛాయలో ఉంటుంది, మగురాది నీలం. తెల్ల కాగితం మీద ఆవగింజంత మచ్చ పడినా కనబడుతుంది. డాట్ ఆయిల్ లేత పసుపు కాబట్టి వెలుతురులోకి తెచ్చి చూడాలి.

లివర్ తీరు కూడా చాలా చెబుతుంది. మొదటి నొక్కుకు మెత్తగా దిగి, నాలుగైదుసార్లు గబగబా కొట్టాక గట్టిపడితే లోపల గాలి చేరి ఉండవచ్చు, లేదా ప్యాడులు అరిగి ఉండవచ్చు. గట్టిగా పట్టుకుని ఉండగానే నెమ్మదిగా హ్యాండిల్ వైపు దిగిపోతుంటే నూనె ఎక్కడో తప్పించుకుంటోంది. బయట ఎక్కడా తడి లేకుండా అలా దిగితే, లివర్ పిస్టన్ ఉండే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు నూనెను వెనక్కి లివర్‌లోని నూనె ట్యాంకులోకి వదులుతోందని అనుమానించాలి. దానికి జాయింటు విప్పి లాభం లేదు.

చిన్న లీకు వారాల తరబడి బయటపడకపోవడానికి లివర్‌లోని ఆ ట్యాంకే కారణం. పోయిన నూనెకు బదులు అది కొత్త నూనె అందిస్తూ ఉంటుంది. బ్రేకు రోజూలాగే పడుతుంది. ట్యాంకులో నిల్వ అయిపోయిన రోజున గాలి లోపలికి వెళ్తుంది, బ్రేకు అప్పటికప్పుడు పాడైనట్టు అనిపిస్తుంది. రబ్బరు తొడుగు చుట్టూ దుమ్ము నల్లగా జిగటగా పేరుకోవడం మొదలైనప్పుడే చూసుకుంటే అంతదాకా రాదు.

విప్పితే కనిపించేవి

గొట్టం కోత వంకరగా ఉండటం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. కటింగ్ ప్లయరుతో కోస్తే గొట్టం ముందు నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి, ఆ తర్వాత తెగుతుంది. అందులోకి దింపిన ఇన్సర్టు ఒక పక్కకు ఒరుగుతుంది, దాని అంచు గొట్టం కొసకు పూర్తిగా ఆనదు. పదునైన బ్లేడున్న గొట్టం కట్టరుతో, నిట్టనిలువుగా, ఒకే దెబ్బలో కోయాలి.

తర్వాతి తప్పు తప్పుడు ఇన్సర్టు. షిమానోలోనే బీహెచ్59, బీహెచ్90 అని రెండు రకాల గొట్టాలున్నాయి. బీహెచ్59 ఇన్సర్టు బంగారు రంగులో 13.2 మి.మీ. పొడవు, బీహెచ్90 ఇన్సర్టు వెండి రంగులో 11.2 మి.మీ. పొడవు ఉంటాయి. గొట్టం మీద అచ్చువేసిన పేరు చూడకుండా, డబ్బాలో ఏది దొరికితే అది కొట్టేస్తే లీకు తప్పదు. శ్రామ్ ఇన్సర్టుకు మరలుంటాయి, దాన్ని సుత్తితో కొట్టకుండా టీ8 టార్క్స్ కీతో తిప్పి దింపాలి.

మూడోది, గొట్టం లోపలిదాకా వెళ్లకపోవడం. బోల్టు బిగించేటప్పుడు గొట్టాన్ని లివర్‌లోకి నెట్టి పట్టుకోకపోతే అది ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ఆలివ్ కొసకు మరీ దగ్గరగా బిగుసుకుంటుంది. పైకి అంతా బాగానే ఉంటుంది, టార్కు కూడా సరిగ్గానే చూపిస్తుంది. గొట్టాన్ని చేత్తో గుంజి చూస్తే మాత్రం కదులుతుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించే లోపం ఇదే. మిగతావి చెమరుస్తూ ముందుగా హెచ్చరిస్తాయి, ఇది ఏకంగా ఊడిపోవచ్చు.

గొట్టం పొడవు చాలకపోవడం జాయింటు తప్పు కాదు గానీ జాయింటునే చంపుతుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు గొట్టం బిగుసుకుంటుంటే, సైకిల్ పడిన మొదటిసారే అది జాయింటును లాగేస్తుంది.

తిరిగి కట్టడం

పాత ఆలివ్ ఒకసారి నలిగాక ఆ ఆకారంలోనే ఉండిపోతుంది, మళ్లీ కొత్త చోట పట్టదు. గొట్టం పొడవు ఉంటే ఆలివ్‌తో సహా కొసను కోసి పారేయడం మేలు. పొడవు లేకపోతే సన్నని ఆకురాయితో ఆలివ్‌ను ఒక పక్క అరగదీసి చీల్చి తీయవచ్చు గానీ, చేయి జారి తొడుగు మీద గీత పడితే గొట్టం మొత్తం మార్చాల్సి వస్తుంది.

కోశాక మొదట రబ్బరు తొడుగు, ఆపైన బోల్టు, ఆపైన ఆలివ్ గొట్టానికి ఎక్కించాలి. తొడుగు మర్చిపోయి అంతా బిగించేశాక నాలుక కరుచుకోని మెకానిక్ ఉండడు. తర్వాత గాడి ఉన్న రెండు ప్లాస్టిక్ దిమ్మల మధ్య గొట్టాన్ని పెట్టి, వైసులో బిగించి, ఇన్సర్టును నిటారుగా, అంచు ఆనేదాకా దింపాలి. గొట్టం కొసను లివర్ రంధ్రంలోకి నెట్టి, ఒక చేత్తో అలాగే అదిమి పట్టుకుని, రెండో చేతి వేళ్లతో బోల్టును రెండు మూడు చుట్లు తిప్పాలి. వేళ్లకు అడ్డం తగిలితే మరలు తప్పుగా ఎక్కినట్టే. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

చివరి బిగింపు షిమానోకు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు. మగురా 4 మాత్రమే అంటుంది కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ బ్రేకుకు వాడకూడదు. గొట్టం అడ్డం ఉంటుంది గనక మామూలు సాకెట్టు ఎక్కదు. టార్కు రెంచికి తగిలించే నోరు తెరిచిన 8 మి.మీ. ముక్క కావాలి. దాన్ని రెంచికి లంబంగా పెడితే అంకెలో తేడా రాదు. టార్కు రెంచి లేకపోతే ఒక గుర్తు: 10 సెంటీమీటర్ల పానా చివర ఆరు కిలోల బరువు వేలాడితే ఎంత బిగుస్తుందో అంతే బిగించాలి. ముంజేతి బలం చూపించే చోటు కాదిది, వేళ్లూ మణికట్టూ చాలు.

లివర్ దగ్గర మాత్రమే విప్పి, నూనె పెద్దగా పోకపోతే పైన గరాటు బిగించి, లివర్‌ను మెల్లగా ఆడిస్తూ బుడగలు తీసేస్తే సరిపోతుంది. కాలిపర్ వైపు విప్పితే కింద నుంచి మొదలుపెట్టి పూర్తిగా గాలి తీయాలి. ఏది చేసినా ముందు చక్రాన్ని, ప్యాడులను తీసి పక్కన పెట్టాలి. నూనె పీల్చిన రెసిన్ ప్యాడును కాల్చినా, గరుకు కాగితంతో రుద్దినా నమ్మకంగా బాగుపడదు, మార్చేయడమే దారి. డిస్కును మాత్రం ఆల్కహాలుతో కడిగి వాడుకోవచ్చు.

సైకిల్ ఎక్కే ముందు నిలబెట్టి ఉంచే, లివర్‌ను చేతికున్న బలమంతా పెట్టి పదిసార్లు నొక్కాలి. గొట్టం ఊడేదైతే రోడ్డు మీద కాక అక్కడే ఊడాలి. ఆ తర్వాత లివర్‌ను రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కు కట్టేసి, జాయింటుకు తెల్ల కాగితం చుట్టి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి కాగితం పొడిగా ఉంటే రబ్బరు తొడుగును పైకి జరిపి సైకిల్ తీయవచ్చు. తడిసి ఉంటే పానా పక్కన పెట్టి, కట్టరు అందుకోండి.